గుర్రాలతో అడవిలో మకాం: బరువు, మేత, కట్టు

450 కిలోల గుర్రం రోజుకు సుమారు 9 కిలోల మేత తింటుంది, 30 లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువే. అందుకే మ్యాపులో ముందు నీళ్లున్న చోట్లు చూడండి, అందమైనవి తర్వాత. జీనుతో కలిపి బరువు 90 కిలోలు దాటొద్దు. రెండు వైపుల సంచుల్నీ తూచండి; తేడా ఉంటే జీను ఒరిగి వీపు పుండవుతుంది.

రాత్రి కట్టడమే అసలు చిక్కు. చెట్టుకు నేరుగా కడితే గిట్టలతో తవ్వి వేళ్లు బయటపెడుతుంది, తాడు బెరడును కోస్తుంది. రెండు చెట్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, మధ్యలో నేలనుంచి 2 మీటర్లకు పైన ఎత్తులో తాడు లాగి బిగించి, పగ్గం దానికి కట్టండి. గుర్రం మూతి నేలకు అందేంత పొడవే పగ్గం ఉండాలి. పొడవైతే కాలు చిక్కుతుంది. వాగుకు 60 మీటర్ల దూరం తప్పనిసరి.

కొత్త మేతను వారం ముందునుంచే కొద్దికొద్దిగా కలపండి, హఠాత్తుగా మారిస్తే కడుపునొప్పి రావచ్చు.