ఒక గ్రాంటు, 40 మంది పిల్లలు, 12 పెట్టెలు

ప్రభుత్వ బళ్లలో పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే ప్రాజెక్టుల కోసం పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు, చుట్టుపక్కల వాళ్లు తలా కొంత నిధిగా వేసి చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుంటారు. వీటిలో చాలావాటిని దెబ్బతీసేది డబ్బు చాలకపోవడం కాదు, సామాన్ల జాబితా. దరఖాస్తులో "శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుట" గురించి అరపేజీ ఉంటుంది. సామాన్ల దగ్గరికొచ్చేసరికి "సైన్స్ కిట్లు - 10" అని ఒక్క ముక్క. ఒక్కో కిట్టు దగ్గర ఎంతమంది కూర్చుంటారు, నాలుగో పీరియడ్‌కి ఏది అయిపోతుంది, వచ్చే ఏడాదికి ఏం మిగులుతుంది? ఇవేవీ అందులో ఉండవు. దరఖాస్తు అంటే అసలు ఆ జాబితానే.

ఒక ప్రాజెక్టు తీసుకుని లెక్క వేద్దాం. 40 మంది ఉన్న తరగతి, ఎల్‌ఈడీ వెలిగించే సర్క్యూట్లు. గుంపుకి నలుగురు చొప్పున 10 గుంపులు. అయిదుగురిని, ఆరుగురిని కూర్చోబెడితే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. ముగ్గురైతే ఇంకా మంచిది గానీ అప్పుడు 14 గుంపులకు సామాను కావాలి. 10 గుంపులకి 12 పెట్టెలు అడగండి. పీరియడ్ మధ్యలో ఒక పెట్టె మొరాయిస్తే దాన్ని బాగుచేస్తూ కూర్చునే తీరిక టీచరుకి ఉండదు. పెట్టె మార్చేసి పాఠం సాగించాలి.

ఒక్కో పెట్టెలో రెండు ఏఏ సెల్లు, అవి పట్టే హోల్డరు ఒకటి, స్విచ్చి ఒకటి, ఎర్ర ఎల్‌ఈడీలు 3, కరెంటుని అదుపులో పెట్టే 100 ఓమ్‌ల రెసిస్టర్లు 3, రెండు కొసలకీ క్రొకొడైల్ క్లిప్పులు (మొసలి నోరులా పట్టుకునేవి) ఉన్న వైర్లు 6. మొత్తం 24 సెల్లు, 36 ఎల్‌ఈడీలు, 36 రెసిస్టర్లు, 72 వైర్లు. జాబితాలో మాత్రం ఎల్‌ఈడీలూ రెసిస్టర్లూ మొత్తం 50 చొప్పున, వైర్లు మొత్తం 85 దాకా, సెల్లు 24కి మరో 8 కలిపి రాయండి. ఈ అదనం దుబారా కాదు, అదే ఈ ప్రాజెక్టుకి ప్రాణం.

ఎర్రవే ఎందుకంటే, రెండు సెల్లు కలిపితే 3 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పడతాయి. మిగిలిన 1 వోల్టు 100 ఓమ్‌ల మీద పడితే 10 మిల్లీఆంపియర్లు పారుతుంది. చక్కగా వెలుగుతుంది, కాలిపోదు. నీలం, తెలుపు ఎల్‌ఈడీలకి దాదాపు 3 వోల్టులు కావాలి. కాబట్టి రంగులు కలగలిసిన ప్యాకెట్టు తెప్పిస్తే కొన్ని గుంపుల్లో మిణుకుమంటుంది, కొన్నింట్లో అసలు వెలగదు. సర్క్యూట్ సరిగ్గానే కలిపిన పిల్ల తనే తప్పు చేశాననుకుని అంతా విప్పేస్తుంది. ఇది జాబితా రాసినవాళ్ల పొరపాటు, శిక్ష పిల్లకి పడుతుంది. 9 వోల్టుల బ్యాటరీ రాస్తే రెసిస్టర్ కూడా 470 ఓమ్‌లకి మారాలి. లేకపోతే 100 ఓమ్‌ల మీదుగా 70 మిల్లీఆంపియర్ల దాకా పోతుంది. మామూలు చిన్న ఎల్‌ఈడీ తట్టుకునేది 20.

రీచార్జ్ సెల్లు మంచివే, కానీ ఒక్కోటి 1.2 వోల్టులే. రెండు కలిపితే 2.4. అదే 100 ఓమ్‌లు పెడితే వెలుగు బాగా తగ్గుతుంది, 47 ఓమ్‌లు పెట్టండి. ఇంకో సంగతి, పిల్లలు రెండు క్లిప్పులు నేరుగా కలిపేసినప్పుడు ఈ సెల్లు మామూలు వాటికన్నా చాలా ఎక్కువ కరెంటు వదులుతాయి. వైరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. బిళ్ల సెల్లు మాత్రం చిన్న తరగతుల జాబితాలో ఎక్కడా ఉండకూడదు. మింగితే అన్నవాహికలో రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలవు.

మంచి ఆల్కలైన్ ఏఏ సెల్లో 2000 మిల్లీఆంపియర్ గంటలకి పైనే ఉంటుంది. 10 మిల్లీఆంపియర్ల ఎల్‌ఈడీ దాన్ని పీరియడ్లలో ఖాళీ చేయలేదు. సెల్లు చచ్చేది షార్ట్ సర్క్యూట్ల వల్ల, స్విచ్చి వేసి ఉండగానే పెట్టె బీరువాలో పెట్టేయడం వల్ల. సెలవుల్లో హోల్డర్లోనే వదిలేసిన సెల్లు కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు కడుతుంది, హోల్డరు కూడా పోతుంది. సెలవులకి ముందు సెల్లన్నీ తీసి విడిగా పెట్టాలి.

వైర్ల జబ్బు వేరు. తెగేది క్లిప్పు మీది ప్లాస్టిక్ తొడుగు లోపల, పైకి వైరు నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే గ్రాంటుకి ఒక మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే చిన్న పరికరం) తప్పనిసరి. వైరు తెగకుండా ఉంటే బీప్ శబ్దం వచ్చే కంటిన్యుటీ గుర్తు మీద పెట్టి, ఒక్కో వైరునీ అటూ ఇటూ కదుపుతూ చూడాలి. కదిపినప్పుడు బీప్ ఆగిందంటే ఆ వైరు తీసేయడమే. ఈ పని పెద్ద పిల్లలకి అప్పగిస్తే అదీ ఒక పాఠమే అవుతుంది.

ఏ ప్రాజెక్టుకైనా ఇదే చూపుతో చూడాలి. మైక్రోస్కోపు ఏళ్ల తరబడి ఉంటుంది, స్లైడు మీద కప్పే పల్చటి గాజు ముక్కలు, అంటే కవర్ స్లిప్పులు, నెలలో పగిలిపోతాయి, అవి లేకపోతే మైక్రోస్కోపు బీరువా ఎక్కుతుంది. ఆమ్లమో క్షారమో రంగు మారి చూపే పీహెచ్ కాగితాలు తేమ తగిలితే పనికిరావు, మూత బిగించాలి. మొక్కల ప్రాజెక్టయితే విత్తే తేదీ పక్కనే సెలవుల తేదీలు రాయాలి.

ఇక డబ్బు దారి. టీచరు ముందు కొని రసీదులు పెడితే తరవాత ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. చేతిలో డబ్బు లేని టీచరు దరఖాస్తే పెట్టరు. డబ్బు ముందే ఇస్తే లెక్కల భారం టీచరు నెత్తిన పడుతుంది. మూడోది, వస్తువులే కొని పంపడం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో టీచరుగా ఉన్న చార్లెస్ బెస్ట్ 2000లో మొదలుపెట్టిన డోనర్స్‌చూజ్ అనే సంస్థ ఈ దారే పట్టింది. దాతల డబ్బు టీచరు చేతికి ఇవ్వకుండా సామానే బడికి పంపుతుంది. లెక్క శుభ్రంగా ఉంటుంది. చిక్కల్లా మట్టి, ఇసుక, చెక్క ముక్కల్లాంటి విడి సరుకు దగ్గరే. అందుకని పెద్ద సామాను నిధి తరఫున కొని పంపి, విడి ఖర్చులకి మొత్తంలో పదో వంతు దాకా ముందే చేతికివ్వడం మేలు.

స్టాక్ రిజిస్టర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. సామాను బడి పేరున రాయాలి, లేకపోతే టీచరు బదిలీ అయిన రోజున అది ఎవరిదో తేలదు. కానీ రాసిన ప్రతి వస్తువుకీ తర్వాత లెక్క చెప్పాలి. ఒక ఎల్‌ఈడీ కాలిపోయినా సంజాయిషీ ఇచ్చుకోవాలన్న భయం పట్టుకుంటే పెట్టెలకి తాళం పడుతుంది. గ్రాంటు ఉత్తరంలోనే రెండు జాబితాలు విడదీయండి. హోల్డర్లు, స్విచ్చులు, మల్టీమీటర్ నిలిచి ఉండేవి. సెల్లు, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, వైర్లు వాడకంలో అయిపోయేవి, వీటి లెక్క తిరిగి అడగబోమని స్పష్టంగా రాసి, హెడ్మాస్టరు సంతకం తీసుకోండి. ఆ ఒక్క వాక్యం తాళాలు తీయిస్తుంది.

ఎంపికలో జరిగే అన్యాయం ఒకటుంది. బాగా రాయగలిగిన టీచరుకే గ్రాంటు వెళుతుంది, అవసరం ఎక్కువున్న బడి నుంచి దరఖాస్తే రాదు. ఫారం ఒక్క పేజీ దాటకూడదు. ఫోన్లో చెప్తే కమిటీలో ఎవరో ఒకరు రాసుకునే వీలుండాలి. చదివేవాళ్లకి బడి పేరు కనపడకూడదు, ఒక్కో దరఖాస్తు ఇద్దరు చదవాలి, తమ పిల్లలు చదివే బడి వంతు వచ్చినప్పుడు పక్కకి తప్పుకోవాలి. సగం మార్కులు ఒకే ప్రశ్నకి ఇవ్వండి: తరగతిలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన చేత్తో ఏం చేస్తారు? "టీచరు చేసి చూపిస్తారు" అన్న జవాబుకి సున్నా.

మంజూరుకీ పాఠం రోజుకీ మధ్య కనీసం ఆరు వారాలు ఉంచండి. సామాను పరీక్షల ముందు దిగితే పెట్టెలు విప్పకుండానే ఏడాది అయిపోతుంది.

నిధిలో అయిదో వంతు రెండో ఏడాది నింపుళ్లకి పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం. కొత్త ప్రాజెక్టు ఫోటోకి బాగుంటుంది కాబట్టి దాతలు దానివైపే మొగ్గుతారు. పాత పెట్టెల్లో 20 ఎల్‌ఈడీలు వేస్తే మరో 40 మంది పిల్లలు చేస్తారన్న సంగతి వాళ్లకి ఓపిగ్గా చెప్పాలి. నివేదిక కూడా ఇందుకు పనికొచ్చేదిగా అడగండి: ఏవి అయిపోయాయి, ఏవి మిగిలాయి, ఏ తరగతులు వాడాయి. ఫోటోల్లో పిల్లల ముఖాలు అక్కర్లేదు, చేతులూ సర్క్యూటూ కనపడితే చాలు.

పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అంటించండి: ఎల్‌ఈడీలు 3, రెసిస్టర్లు 3, వైర్లు 6, సెల్లు 2, హోల్డరు 1, స్విచ్చి 1. పీరియడ్ చివరి మూడు నిమిషాల్లో గుంపులో ఒకరు చదివితే ఇంకొకరు లెక్కపెట్టి సర్దుతారు. తక్కువైంది ఏదైనా ఉంటే చీటీ మీద రాసి పెట్టెలోనే వేస్తారు. ఏడాది చివర ఆ చీటీలు కూడితే నింపుళ్ల దరఖాస్తు తయారు.