ముందు గ్రైండరు, తరువాతే యంత్రం: 40 వేలలో ఇంటి ఎస్ప్రెస్సో

ఇంట్లో ఎస్ప్రెస్సో తయారుచేసుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు నేను దానికోసం పక్కన పెట్టిన సొమ్ము 40 వేల రూపాయలు. అందులో దాదాపు 12 వేలు చేత్తో తిప్పే గ్రైండరుకే పెట్టానని తెలిసి పాలకొల్లులో ఉండే మా చిన్నాన్నగారు నొచ్చుకున్నారు. "కాఫీ ఇచ్చేది యంత్రం కదరా, గింజలు ఆడించే దానికి అంత డబ్బెందుకు?" అని అడిగారు. అది సమంజసమైన ప్రశ్నే. కొనకముందు నేనూ అలాగే అనుకున్నాను. ఆరు నెలలుగా రోజూ ఉదయం ఈ రెండింటితో పనిచేసిన తరువాత ఆయనకు ఇవ్వవలసిన జవాబు నాకు స్పష్టంగా తెలిసింది కనుక, ఇదే ఆలోచనలో ఉన్నవారికి ఉపయోగపడేలా దానిని ఇక్కడ రాస్తున్నాను.

ఎస్ప్రెస్సో అంటే మెత్తగా ఆడించి గట్టిగా అదిమిన పొడిలోంచి, 90 నుంచి 96 డిగ్రీల వేడి ఉన్న నీటిని, సుమారు 9 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లతో, 25, 30 సెకన్లలో దాటించడం. మన ఇత్తడి ఫిల్టరులో నీరు తన బరువుకు తానే నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పొడి కాస్త బరకగా ఉన్నా, కాస్త మెత్తగా ఉన్నా డికాక్షన్ తాగదగినట్టే వస్తుంది. ఎస్ప్రెస్సోలో ఆ వెసులుబాటు లేదు. అంత ఒత్తిడి మీద వచ్చే నీటికి ఎదురు నిలిచేది పొడి ఒక్కటే. మిక్సీ బ్లేడు అందిన గింజను అందినట్టు నరుకుతుంది. అందువల్ల చిన్న జారులో వేసి ఎంతసేపు తిప్పినా వచ్చేది సగం నూక, సగం పిండి. నీరు నూక ఉన్న చోట దారి చేసుకుని జారిపోతుంది, పిండి ఉన్న చోట చిక్కుకుని చేదంతా పిండుకుని వస్తుంది. ఒకే గుటకలో పులుపూ చేదూ రెండూ తగిలితే తప్పు యంత్రానిది కాదు, పొడిదే. బర్ గ్రైండరు తిరగలి వంటిది. రెండు పళ్ల చక్రాల మధ్య ఎడం ఎంత ఉంచితే పలుకు అంతే వస్తుంది. ఆ ఎడాన్ని ఎంత సూక్ష్మంగా మార్చుకోగలమన్నదే గ్రైండరు ధరను, విలువను నిర్ణయిస్తుంది. ఎడాన్ని మార్చే మర ఒక్కో మెట్టు తిరిగినప్పుడల్లా క్లిక్కుమంటుంది. నేను తీసుకున్న కింగ్రైండర్ కె6లో ఒక్క క్లిక్కుకు 16 మైక్రాన్ల ఎడం మారుతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). టైమ్‌మోర్ సి2 వంటి చేతి గ్రైండర్లు ఫిల్టరు కాఫీకి మంచివే గాని, వాటిలో క్లిక్కుకూ క్లిక్కుకూ మధ్య అంతరం ఎక్కువ. ఒక క్లిక్కులో కాఫీ ధారగా కారిపోతుంది, తరువాతి క్లిక్కులో చుక్క కూడా దిగదు, మనకు కావలసినది ఆ రెంటి నడుమ ఎక్కడో ఉండిపోతుంది. చేతి గ్రైండరునే ఎంచుకోవడానికి కారణం కూడా ధరే. ఇంతే నాణ్యమైన పొడిని మోటారుతో ఇచ్చే గ్రైండరు కావాలంటే నా సొమ్ములో సగానికి పైగా దానికే పోయేది.

యంత్రాల సంగతికి వస్తే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే 15 బార్లు అన్న అంకెను చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు. అది పంపు చేరుకోగల గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. కాఫీకి కావలసింది సుమారు 9. అంతకంటే ముఖ్యంగా చూడవలసింది పొడి పోసే బాస్కెట్. తక్కువ ధర యంత్రాలతో సాధారణంగా రెండు గోడల బాస్కెట్ వస్తుంది. దాని అడుగున కాఫీ బయటికి వచ్చే రంధ్రం ఒక్కటే, అదీ సూదిమొనంత. పొడి ఎలా ఉన్నా ఒత్తిడిని ఆ రంధ్రమే పుట్టిస్తుంది, నురగను కూడా అదే చేస్తుంది. ఆవిరికి బదులు వేడినీటినే ఒత్తిడితో పొడి గుండా పంపే పద్ధతికి మిలాన్ నగరంలో అకిల్లె గాజియా 1938లో పేటెంటు తీసుకున్నాడు. యుద్ధం ముగిశాక ఆయన తెచ్చిన లీవరు యంత్రాల్లోనే కాఫీ మీద ఆ తేనెరంగు నురగ, క్రెమా, మొదటిసారి తేలింది. అది తాజా గింజల్లోని వాయువూ నూనెలూ కలిసి కట్టే నురగ. రంధ్రంలోంచి చిమ్మి చేసిన నురగ పోలికకు అలాగే ఉంటుంది గాని రుచిలో ఉండదు. అందుచేత, ఒకే గోడ ఉన్న మామూలు బాస్కెట్ విడిగా దొరికే యంత్రమైతేనే కొనాలని నేను నియమం పెట్టుకున్నాను.

ఈ దశలో అమెరికాలో ఉన్న మా బావగారు, వస్తూ వస్తూ తన దగ్గర ఉన్న యంత్రాన్ని సామానులో తెచ్చి ఇచ్చారు. మన ఇళ్లలో ఇలా వచ్చిన వస్తువులు చాలానే ఉంటాయి కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది 120 వోల్టులది. మన కరెంటు 230. బజారులో నాకు అమ్మిన ట్రాన్స్‌ఫార్మరు 1000 వాట్లది, యంత్రం లాగేది 1350. మూడో రోజు ఉదయం ట్రాన్స్‌ఫార్మరు నుంచి కాలిన లక్క వాసన వస్తే స్విచ్చి తీసేశాను. పెద్దది కొన్నా సమస్య పూర్తిగా తీరదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని మారుస్తుందే గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. ఈ యంత్రాల్లో ఉండే కంపించే పంపు అక్కడి 60 హెర్ట్జ్‌కు తయారైనది. మన 50 హెర్ట్జ్ మీద మందగిస్తుంది. ప్రేమతో తెచ్చిన వస్తువును తిప్పి పంపడం కష్టమే అయినా పంపక తప్పలేదు.

కరెంటును అసలే నమ్ముకోకుండా చేత్తో లీవరు నొక్కే ఫ్లెయిర్ వంటి పరికరం గురించి చాలా రోజులు ఆలోచించాను. గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు ఉండని మా ప్రాంతానికి అది నిజంగా తగినది. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాగితే చాలు, మామూలు ఇన్వర్టరు మోయలేని వాటేజీతో పని లేదు. కాఫీని నల్లగా తాగే ఇల్లయితే నా ఓటు దానికే. మా ఇంట్లో అమ్మకు పాలు లేనిదే కాఫీ కాదు, దానిలో పాలు కాచే ఆవిరి గొట్టం లేదు. గ్రైండరు లోపలే అమర్చిన యంత్రాలను మొదటే పక్కన పెట్టాను: రెంటిలో ఏది చెడినా రెండూ కలిసి విజయవాడకో విశాఖపట్నానికో సర్వీసుకు వెళ్లాలి. చివరికి తీసుకున్నది డెలోంగి డెడికా. వెడల్పు 15 సెంటీమీటర్లు, మా వంటగట్టు మీద నీళ్ల టిన్నుకూ గోడకూ మధ్య సరిగ్గా ఇమిడింది. 51 మిల్లీమీటర్ల ఒకే గోడ బాస్కెట్, దానిలో పొడిని అదిమే టాంపరు, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా విడిగా కొన్నాను. ఆ కాటా లేకుండా ఈ పనికి దిగవద్దు.

మొదటి ఉదయం 15 గ్రాముల పొడి పోసి అదిమి మీట నొక్కితే, 30 గ్రాముల కాఫీ 11 సెకన్లలో పడిపోయింది. పాలిపోయిన రంగు, నిమ్మతొన కొరికినట్టు పులుపు. నాలుగు క్లిక్కులు బిగించాను. ఈసారి పంపు మూలిగింది, 40 సెకన్లకు కప్పులో నాలుగు నల్లటి చుక్కలు. రెండు క్లిక్కులు వదులు చేశాను. ఏడో సెకనుకు బాస్కెట్ కింద మొదటి చుక్క తేలింది, తరువాత ముదురు బెల్లంపాకం రంగులో సన్నటి ధార ఎలుకతోకలా వంకర తిరుగుతూ దిగింది, 27 సెకన్లకు కాటా 30 చూపింది. పొడి బరువు మారలేదు, యంత్రమూ మారలేదు. మొత్తం మీద మారింది రెండు క్లిక్కులు, అంటే 32 మైక్రాన్లు. చిన్నాన్నగారికి నా జవాబు ఆ 32 మైక్రాన్లే. ఈ తరహా యంత్రంలో వేడి త్వరగా నిలకడకు రాదు కాబట్టి, పొడి పోయకముందు ఒకసారి ఉత్త నీటిని వదిలి బాస్కెట్‌ను, కప్పును వేడెక్కించడం తప్పనిసరి.

నీటి విషయంలో డెల్టా వాళ్లం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన. అందులోని క్లోరైడు లోహాన్ని తినేస్తుంది, గట్టి ఖనిజాలు గొట్టాల్లో సున్నంలా పేరుకుంటాయి. ప్లాంటు నుంచి వచ్చే టిన్ను నీళ్లలో ఖనిజాలు మరీ తక్కువైతే కాఫీ చప్పగా ఉంటుంది. టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న ఖనిజాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె, 75 నుంచి 150 మధ్య ఉంటే మేలు. మా టిన్ను నీళ్లు 30 చూపాయి. కాలువ నుంచి మంచినీళ్ల చెరువుకు వచ్చి, శుద్ధి అయి కుళాయిలో వచ్చే నీటిని వడకట్టి కాచి, టిన్ను నీళ్లతో సమంగా కలిపితే 100కు కాస్త పైన నిలుస్తున్నది. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువులో నీరు అడుగంటే కొద్దీ ఈ అంకె పెరుగుతుంది కనుక అప్పుడు టిన్ను నీళ్ల పాలు పెంచుతాను.

మా ఇంటికి వచ్చేది గేదె పాలు. పచ్చిపాలను కాచి, చల్లార్చి, ఫ్రిజ్జులో పెట్టి, పైన కట్టిన మీగడను పూర్తిగా తీసేసి, చల్లగా ఉండగానే ఆవిరి పట్టాలి. మీగడ తునక ఒక్కటి మిగిలినా నురగ గుంటలు పడుతుంది. జగ్గుకు ఆనించిన అరచేయి ఇక ఆగలేని క్షణంలో, అంటే 60 డిగ్రీలు దాటుతుండగా, ఆవిరి ఆపాలి. గేదె పాలు చిక్కన కాబట్టి చక్కెర సగం వేసినా కమ్మగా ఉంటుంది.

గింజలు అరకు లోయ అరబికా. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన్యంలో గిరిజన రైతులు చెట్ల నీడన పండించేది. పొట్లం మీద వేయించిన తేదీ ఉన్నదే కొంటాను, వేయించిన వారం పది రోజులకు మొదలుపెట్టి నెలలోపు ముగిస్తాను. చికోరీ కలిసిన పొడిని మాత్రం ఈ బాస్కెట్‌లో పోయకండి, అది జిగురు పట్టి నీటిని దిగనివ్వదు. అమ్మకు సాయంత్రం కావలసిన చికోరీ కాఫీ ఇప్పటికీ ఇత్తడి ఫిల్టరులోనే దిగుతున్నది. పొద్దున మాత్రం 30 గ్రాముల ఎస్ప్రెస్సోను ఆమె స్టీలు గ్లాసులో పోసి, దాని మీద 120 మిల్లీలీటర్ల పాలు వంపుతాను. ఇప్పుడున్న పొట్లం తెరిచి మూడు వారాలైంది, ధార త్వరపడుతున్నది. ఈ ఉదయం ఒక క్లిక్కు బిగించాను.