మూడో ఆదివారం: స్టేట్ అంటే రాష్ట్రమా, రాజ్యమా?

ఆదివారం, రాత్రి 9.30

ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) బీఏ మొదటి సెమిస్టర్ వాళ్లకు చదువులో సాయంగా రెండో ఏడాది వాళ్లు కూర్చోవడం మొదలుపెట్టి ఇది మూడో వారం. హైదరాబాద్‌లో ఎండ అప్పుడే మండుతోంది. పదకొండు మందిలో ఏడుగురు వచ్చారు. మూడో వారానికి జనం పలచబడటం ఎప్పుడూ ఉన్నదే. మొదట పరిచయాలు, తర్వాత ఉత్సాహం, ఆ తర్వాత పుస్తకం తెరిచి నాలుగు పేజీలు చదవగానే "ఇది మన వల్ల కాదేమో" అన్న బెంగ.

రాని నలుగురికీ సాయంత్రం విడివిడిగా ఫోన్లు వెళ్లాయి. గ్రూపులో అందరూ చూసేలా అడిగితే మనిషి ముడుచుకుపోతాడు, ఇక రాడు. ఫోన్లో కూడా "ఎందుకు రాలేదు" అని కాదు, "పుస్తకం ఎక్కడ ఆగింది" అని అడగాలి. అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఒకావిడకు షిఫ్టు మారింది, ఒకరింట్లో పెళ్లి. మిగతా ఇద్దరూ మొదటి యూనిట్‌లో ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయారు.

ఈరోజు గంటన్నరలో గంట ఆ ఇంగ్లీషుకే పోయింది. పోవాల్సిందే. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో సివిక్స్ చదివినవాళ్లకు విషయం కొత్త కాదు, మాటలు కొత్త. పొలిటికల్ థియరీ పుస్తకంలో "స్టేట్" కనిపించగానే ఏడుగురిలో ఐదుగురు పక్కన పెన్సిల్‌తో "రాష్ట్రం" అని రాసుకున్నారు. పేపర్లో రోజూ చూసే అర్థం అదే కదా. అక్కడ కావాల్సింది రాజ్యం. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం: ఇంటర్‌లో బట్టీపట్టిన నాలుగు లక్షణాలే. సార్వభౌమాధికారం లేదు కాబట్టి ఆ లెక్కన తెలంగాణ స్టేట్ కాదు, భారతదేశం అవుతుంది. ఇది తేలగానే పేరా మొత్తం తెలుగులో చెప్పగలిగారు. ఇక హాబ్స్, లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్తల దగ్గర వచ్చే "స్టేట్ ఆఫ్ నేచర్" రాష్ట్రమూ కాదు, రాజ్యమూ కాదు. రాజ్యం పుట్టకముందు మనుషులు ఎలా ఉండేవాళ్లో ఊహించి చెప్పిన స్థితి అది. ఒక్క మాటకు మూడు అర్థాలు. ఇక్కడ తప్పితే యూనిట్ అంతా అయోమయమవుతుంది, చదివేవాళ్లు తమ తెలివినే అనుమానించుకుంటారు. తప్పు తెలివిది కాదని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకే మాటల పుస్తకం. చిన్న నోట్‌బుక్‌లో మూడు గళ్లు: ఇంగ్లీషు మాట, ఇంటర్ పుస్తకంలోని తెలుగు మాట, ఆ మాట వచ్చిన వాక్యం. మూడో గడి వదిలేస్తే మళ్లీ "రాష్ట్రం" దగ్గరికే వస్తాం. యూనిట్‌కు పది, పన్నెండు మాటలు చాలు. తెలియని ప్రతి మాటా ఎక్కిస్తూ పోతే రెండో యూనిట్‌కే నోట్‌బుక్ మూలన పడుతుంది.

చదివే వరస కూడా మార్చాం. ప్రతి యూనిట్‌లో ముందు ఆబ్జెక్టివ్స్ (అందులో ఏం నేర్చుకోవాలో), మధ్యమధ్యలో "చెక్ యువర్ ప్రోగ్రెస్" ప్రశ్నలు, చివర్లో వాటి జవాబులకు సూచనలు ఉంటాయి. మొదటి పేజీ నుంచి గీతలు గీసుకుంటూ పోవద్దు. ముందు ఆ ప్రశ్నలు చదివి, ఆ తర్వాత పేరాల్లో వాటి జవాబు వెతకాలి. ఒక పేరా చదివి, పుస్తకం మూసి, పక్కవాళ్లకు తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో రెండు సొంత వాక్యాలు రాయాలి. వాక్యం తప్పుగా వచ్చినా సరే, పుస్తకంలోది ఎక్కించకూడదు.

పొరపాటు జరిగింది సీనియర్ల వైపే. "అన్నా, జవాబు చెప్పేయరాదూ" అని అడగ్గానే ఒక అబ్బాయి పది నిమిషాలు చక్కగా చెప్పాడు. అందరి పెన్నులూ కదిలాయి, ఒక్క పుస్తకమూ తెరుచుకోలేదు. అక్కడ ఆపాల్సి వచ్చింది. 1973లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం, కాన్సస్ సిటీలో సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ పేరుతో సీనియర్లు జూనియర్లతో కూర్చుని చదివించే ఈ పద్ధతి మొదలైనప్పటి నుంచీ అందులో ముఖ్యమైన సూత్రం ఇదే: సీనియర్ రెండో లెక్చరర్ కాకూడదు. ప్రశ్న వస్తే ముందు పక్కవాళ్లకు పంపాలి, తర్వాత పుస్తకానికి. అప్పటికీ దొరక్కపోతే పేజీ నంబరు చెప్పాలి. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకుని ఆగాలి. ఆ మౌనం భరించడమే సీనియర్లకు అన్నిటికన్నా కష్టం.

నేర్పేవాళ్లకు ఇరవై ఏళ్లు, ఎదురుగా నలభై దాటిన అంగన్‌వాడీ టీచరక్క. పిల్లల ముందు తప్పు మాట్లాడతానేమోనని ఆమెకు మొహమాటం. "అక్కా, మీరు చెప్పండి" అని నేరుగా అడిగితే నోరు పెగలదు. ముందు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనిచ్చి తర్వాత అందరిలో అడిగితే ఆమే ముందు చెప్పింది.

మిగిలిన అరగంట అసైన్‌మెంట్లకు. పొలిటికల్ థియరీది వంద మార్కులు: 500 మాటల్లో రెండు జవాబులు, ఒక్కోటి 20 మార్కులు, 250 మాటల్లో మూడు, ఒక్కోటి 10, 100 మాటల్లో ఐదు, ఒక్కోటి 6. తుది లెక్కలో అసైన్‌మెంటుకు 30 శాతం, పరీక్షకు 70. రెండింట్లోనూ విడివిడిగా వందకు 35 రావాలన్నది చాలామందికి ఈరోజే తెలిసింది. అసైన్‌మెంట్‌లో 80, పరీక్షలో 30 వస్తే మొత్తం 45 అవుతుంది, అయినా పాస్ కాదు. దుకాణాల్లో అమ్మే రెడీమేడ్ జవాబులు ఎక్కిస్తే ఇక్కడే దెబ్బ తగులుతుంది. పరీక్ష హాల్లో మూడు గంటల పాటు సొంతంగా రాయాల్సిన చేతికి ఒక్కసారీ అలవాటై ఉండదు. మొదట 100 మాటల జవాబులతో మొదలుపెట్టమన్నాం. 500 మాటలదాన్ని మొదట పట్టుకున్నవాళ్లు సగంలో వదిలేస్తారు.

అసైన్‌మెంట్ ప్రశ్నపత్రం ఈ సెషన్‌దేనా అని పైనున్న కోడ్ చూసుకోవాలి, ఇద్దరు పోయిన ఏడాదిది ప్రింట్ తీసుకొచ్చారు. ఒక్కో కోర్సుకు వేరే కట్ట, మొదటి పేజీ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో, ఇచ్చాక రసీదు.

ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆరు క్రెడిట్ల కోర్సుకు 180 గంటలు, ఇరవై వారాలకు పంచితే వారానికి 9. బోర్డు మీద ఈ లెక్క వేశాక గది నిశ్శబ్దమైంది. అప్పుడు ఒక్కొక్కరి రోజూ విడిగా రాయించాం: బస్సులో నలభై నిమిషాలు, పిల్లలు పడుకున్నాక గంట, మధ్యాహ్నం షిఫ్టు బ్రేకులో ఇరవై నిమిషాలు. ఆరుగురికి ఈ ఒక్క కోర్సుకు తొమ్మిది గంటలు కుదిరాయి. ఏడో ఆయన డెలివరీ పని చేస్తాడు, ఎంత చూసినా ఐదే వచ్చాయి. ఈ సెమిస్టర్‌లో రెండు కోర్సుల పరీక్షలే రాసి, మిగతావి తర్వాతి పరీక్షలకు ఉంచుకుందామన్నాడు. అన్నింటికీ కూర్చుని దేంట్లోనూ గట్టెక్కకపోవడం కన్నా ఇదే నయం.

వచ్చే ఆదివారానికి ప్రతి ఒక్కరూ ఒక 100 మాటల జవాబు చేత్తో రాసుకురావాలి. రాని నలుగురికి మాటల పుస్తకం ఫొటోలు పంపాలి. పెళ్లింటివాళ్లకు బుధవారం తర్వాతే.