ఖర్జూరం తిన్న వెంటనే సూది గుచ్చితే

162. సాయంత్రం నుంచి ఈ అంకె నన్ను వదలడం లేదు.

అక్క ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టింది. బావగారి గ్లూకోమీటర్, దాని మీద 162. కింద ఒక్క ముక్క: "మూడు ఖర్జూరాలకే ఇంత. ఇక మా ఇంట్లో ఖర్జూరం బంద్." ఆ రక్తం బావగారిది కాదు, వాళ్లబ్బాయి చిన్నోడిది. రోజూ పొద్దున్నే పరుగెత్తే పిల్లాడు, ఏ జబ్బూ లేనివాడు. ఇంక చూడండి, ఒకరు దండం పెట్టారు, ఒకరు "మన రక్తంలోనే ఉంది" అన్నారు, ఇంకొకరు మానేయాల్సిన పళ్ల జాబితా పంపారు. గంటలో వాణ్ణి పేషెంటును చేసేశారు.

రాత్రి వాడే ఫోన్ చేశాడు. "పిన్నీ, నాకు షుగర్ వచ్చిందా?" అని. ఆ గొంతు విన్నాక నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

ఎప్పుడు గుచ్చారురా అని అడిగాను. తిన్న అరగంటకట. ఇలాంటి తీపి తిన్నాక రక్తంలో చక్కెర బాగా పెరిగేది మామూలుగా అరగంట నుంచి గంట లోపే కదా! వాడు తిన్నవి మెడ్జూల్ అనే పెద్ద రకం ఖర్జూరాలు. గింజ తీసేస్తే ఒక్కోటి 24 గ్రాములు ఉంటుంది, అందులో 16 గ్రాములు చక్కెరే. మూడింటికి దాదాపు 48 గ్రాములు. పెరగకుండా ఎలా ఉంటుంది? పెరిగినప్పుడు క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, కండరాలూ కాలేయమూ ఆ గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు మూడు గంటల్లో మళ్లీ మామూలుకు వచ్చేస్తుంది. డయాబెటిస్ లేనివాళ్లకు సెన్సార్లు పెట్టి చూసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. వాళ్లు కూడా రోజులో సుమారు 30 నిమిషాలు 140 పైన ఉన్నారు. 140 లోపు ఉండాలి అనే లెక్క 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాతిది. అక్క ఆ అంకెను తెచ్చి అరగంట రీడింగు పక్కన పెట్టింది.

"చేతులు కడుక్కున్నావా?" అని అడిగాను. టిష్యూతో తుడుచుకున్నాడట. ఖర్జూరం జిగురు టిష్యూతో పోతుందా? 2011లో జపాన్ పరిశోధకులు కొందరి చేత నారింజ, ద్రాక్ష, కివీ పళ్లు ఒలిపించి, ఆ వేళ్ల నుంచే రక్తం తీసి చూశారు. కడుక్కోని వేలి రీడింగు అసలు దానికన్నా ఎంతో ఎక్కువ వచ్చింది. స్పిరిట్ దూదితో ఐదుసార్లు తుడిచినా సరిపోలేదు, కుళాయి నీళ్లతో కడుక్కుంటేనే సరైన అంకె వచ్చింది. ఇది కాక, ఇంటి మీటరుకు అటూ ఇటూ 15 శాతం తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఇన్ని ఉండగా ఆ ఒక్క అంకెను పట్టుకుని పిల్లాడి ముఖాన జబ్బు రాయడం ఏమిటి? అడగకుండా వాడి రక్తం సంగతి పదిమందికీ చెప్పడం ఏమిటి? అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

నాన్న గుర్తొచ్చారు. రాకుండా ఎలా ఉంటారు.

నాన్నకు ఆ గ్లూకోజు తాగే టెస్టు చేయించడానికి నేనే తీసుకెళ్లాను. పరగడుపున రక్తం తీశారు. తర్వాత గ్లూకోజు కలిపిన నీళ్లు గ్లాసు నిండా ఇచ్చి ఐదు నిమిషాల్లో తాగేయమన్నారు. నాన్నకు తీపి ఇష్టమే గానీ అంత తీపి ఎవరికి దిగుతుంది? కళ్లు మూసుకుని తాగారు. రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, నడవకూడదు, ఏమీ తినకూడదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నాన్న గోడ గడియారం చూస్తారు, చొక్కా జేబులోని చీటీ తీసి చదువుతారు, మళ్లీ గడియారం చూస్తారు. పక్కన కూర్చున్నాయన మాట కలిపాడు. ఆయనకు షుగర్ చాలా ఏళ్లుగా ఉందట. ఏమేం మానేశాడో వరసగా చెప్పుకొచ్చి, "ఖర్జూరం మాత్రం ముట్టుకోకండి సార్, అది పండు కాదు, చక్కెర ముద్ద" అన్నాడు. నాన్న తలూపారు. రిపోర్టు వచ్చింది, అంతా మామూలే. డాక్టరు గారు కూడా "మీకు షుగర్ లేదండీ, హాయిగా ఉండండి" అన్నారు. నాన్నకు డాక్టరు మాట నిలవలేదు, బెంచీ మాట నిలిచింది.

అంతకుముందు భోజనం అయ్యాక ఖర్జూరం తీసుకుని, గోటితో చీల్చి, లోపల పురుగుందేమో వెలుతురులో పెట్టి చూసి, గింజ తీసేసి సగం నాకు ఇచ్చేవారు. ఆ టెస్టు తర్వాత కూడా చీల్చేవారు, వెలుతురులో చూసేవారు. రెండు సగాలూ నాకే ఇచ్చేవారు. చివరిదాకా ఆయనకు షుగర్ రాలేదు. లేని జబ్బుకు భయపడి, ఇష్టమైన ఒక్క పండునూ వదిలేసుకున్నారు. చిన్నోడికీ అదే జరుగుతుందేమోనని నా బాధ.

అక్కను ఫోన్లో నిలదీస్తే "గ్లైసీమిక్ ఇండెక్స్ 103 అట, చూశావా?" అంది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో గ్లూకోజును 100గా పెట్టుకుని చెప్పే లెక్క అది. ఆ అంకె ఉన్నమాట నిజమే. పాత పట్టికల్లో ఎండు ఖర్జూరానికి ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష తాలూకు 103 కనిపిస్తుంది. 2011లో యుఏఈలో ఐదు రకాల ఖర్జూరాలను పరీక్షిస్తే, ఆరోగ్యవంతుల్లో 46 నుంచి 55 మధ్య వచ్చింది. 55 దాకా తక్కువ కిందే లెక్క. కారణం కూడా అర్థమయ్యేదే. ఖర్జూరంలోని చక్కెరలో సుమారు సగం ఫ్రక్టోజు. అది కాలేయానికి వెళ్తుంది, రక్తంలో గ్లూకోజును నేరుగా పెద్దగా పెంచదు. 2009లో పదిమంది ఆరోగ్యవంతులకు నాలుగు వారాల పాటు రోజూ 100 గ్రాముల ఖర్జూరం పెట్టి చూశారు, పరగడుపు షుగర్ పెరగలేదు. ఇదంతా టైపు చేసి అక్కకు పంపుదామని కూర్చున్నాను.

సగం టైపు చేశాక ఆగిపోయాను. పదిమంది, నాలుగు వారాలు. దాంతో అక్క నోరు మూయించడం న్యాయమేనా? పైగా ఆ ఇండెక్స్ లెక్క 50 గ్రాముల పిండిపదార్థం ఉండే కొలతతో చేసేది. తక్కువ అని వచ్చినంత మాత్రాన గుప్పెళ్లతో తినమని కాదు. 100 గ్రాముల మెడ్జూల్‌లో 66 గ్రాముల చక్కెర, 277 కేలరీలు ఉంటాయి. నీళ్లు తక్కువ గనక కడుపు నిండినట్టే తెలియదు, నాలుగు ఇట్టే అయిపోతాయి. అక్క భయం ఒక వైపు తప్పయితే, "పండే కదా, ఏం కాదు" అనేది ఇంకో వైపు తప్పు. మొన్న మా ఆయన "చక్కెర వేయలేదు, అంతా ఖర్జూర సిరపే" అని ఏదో తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో సిరప్‌లోని తీపి తగ్గించాల్సిన చక్కెరల్లోకే వస్తుంది. పండును పండుగా నమిలి తింటే ఆ లెక్కలోకి రాదు. ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. బావగారికి డయాబెటిస్ ఉంది. తండ్రికి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే. ఏళ్ల తరబడి ఆయన వేలికి సూది గుచ్చుతున్నది అక్కే. ఆ మనిషికి 162 కనిపిస్తే గుండె జారదా? అక్క భయానికి కారణం ఉంది. పట్టుకున్న అంకే పనికిరాదు. పరగడుపు రక్త పరీక్ష, రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష ల్యాబ్‌లో చేయిస్తే సరిపోతుంది. పరగడుపున 100 లోపు, హెచ్‌బిఎ1సి 5.7 లోపు ఉంటే మామూలే. ఖర్జూరం తినాలనిపిస్తే వాడు ఒకటో రెండో తినొచ్చు, కాసిని బాదం పప్పులతో తింటే చక్కెర ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది, తిన్నాక కాసేపు నడిస్తే మరీ మంచిది. బావగారు ఎన్ని తినాలన్నది మాత్రం ఆయన డాక్టరు చెప్పాలి, నేను కాదు.

టైపు చేసిందంతా చెరిపేశాను. రేపు అక్కకు ఫోన్ చేసి రెండే అడుగుతాను. వాణ్ణి ల్యాబ్‌కు పంపమని, రిపోర్టు మామూలుగా వస్తే ఆ సంగతి కూడా అదే గ్రూపులో పెట్టమని. మొదటిదానికి వెంటనే సరే అంటుంది. రెండోదానికి గొడవ పడాల్సి వస్తుంది, పడతాను.