స్కూల్ క్విజ్ టీమ్‌కి ప్రిపరేషన్: మార్కులు ఎక్కడ పోతాయంటే

జీకే పుస్తకం మొదటి పేజీ నుంచి బట్టీ పట్టి వచ్చే టీములు విశాఖలో ఏ స్కూల్ క్విజ్‌కి వెళ్లినా కనిపిస్తాయి. రాజధానులు, కరెన్సీలు, జాతీయ పక్షులు అన్నీ నోటికొస్తాయి. తీరా ప్రిలిమ్స్ (ఫైనల్‌కి టీముల్ని ఎంచే రాత రౌండ్) మొదలయ్యాక అలాంటి ప్రశ్న ఒక్కటీ రాదు. ఇప్పటి క్విజ్ ప్రశ్నలో సగం జవాబు దాగుంటుంది. దాన్ని బయటికి లాగడమే పని. అందుకే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లకి మేం ముందు చెప్పేది ప్రశ్నని విప్పడం గురించే.

ఒక ప్రశ్న చూడండి: "ఒకప్పుడు అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి, తర్వాత మరో దేశం చేతికి వెళ్లి, 1971 డిసెంబరులో భారత తీరం దగ్గర మునిగిపోయిన జలాంతర్గామి ఏది?" డయాబ్లో సంగతి మీకు తెలియనక్కర్లేదు. అది ప్రశ్నని బరువుగా చూపించడానికి పెట్టిన ముక్క. 1971, డిసెంబరు, జలాంతర్గామి. ఈ మూడూ పట్టుకుంటే బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం తట్టాలి, అక్కడి నుంచి పాకిస్తాన్ ఘాజీ రావాలి. రోజూ బీచ్‌కి వెళ్లే మన పిల్లలే ఇక్కడ పప్పులో కాలేసి కురుసుర అని రాసేస్తారు. కురుసుర కూడా జలాంతర్గామే, కానీ మన నౌకాదళానిది. 1969లో చేరి 2001లో రిటైరైంది, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. దీని పక్కనే ఇంకో ఉచ్చు ఉంది: డిసెంబరు 4 నేవీ డే ఘాజీ మునిగినందుకు కాదు, కరాచీ మీద జరిపిన ఆపరేషన్ ట్రైడెంట్‌కి గుర్తుగా.

కాబట్టి నోట్సు బిట్ల రూపంలో రాయొద్దు. ఒక్కో విషయానికి ఒక్క లైను, అందులో కనీసం మూడు కొక్కేలు ఉండాలి. హిందుస్థాన్ షిప్‌యార్డ్ తీసుకుంటే: 1941, వాల్‌చంద్ హీరాచంద్, 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జల ఉష. ప్రశ్న ఏ కొక్కెం నుంచి మొదలైనా మిగతా రెండూ దొరుకుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926, కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తర్వాత 1931లో రాధాకృష్ణన్. మొదటి వైస్ ఛాన్సలర్ రాధాకృష్ణన్ అని రాసే టీములు ఇప్పటికీ ఉన్నాయి. స్టీల్ ప్లాంటుకి 1971లో శంకుస్థాపన ఇందిరాగాంధీ, 1992లో జాతికి అంకితం పీవీ. రోజుకి పది లైన్లు చాలు, కానీ చేత్తో రాయాలి. ఫోన్లో స్క్రీన్‌షాట్లు పోగేస్తే నోట్సు అయిపోదు.

పాత గైడ్లతో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అరకు, బొర్రా గుహలు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి, బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలో ఉంది. బొర్రా గుహల్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ 1807లో కనుక్కున్నాడని చాలా చోట్ల రాసుంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో! అయినా క్విజ్ మాస్టర్ అడిగితే కింగ్ అనే చెప్పండి. వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

చదవడానికి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది. నెలలో ఒక ఆదివారం కురుసుర, ఎదురుగా టీయూ-142 విమానం, విశాఖ మ్యూజియం చూసి, బోర్డుల మీద ఉన్న ఏళ్లు, పేర్లు రాసుకోండి. కళ్లతో చూసిన తేదీ మర్చిపోరు.

ప్రిలిమ్స్ మామూలుగా 25 ప్రశ్నలు, నెగెటివ్ ఉండదు. అంటే ఖాళీ వదలడం తప్పు. రేపు గ్రూప్స్ రాసేటప్పుడు లెక్క వేరు. అక్కడ తప్పుకి మూడో వంతు కోత, కాబట్టి నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, ఒక ఆప్షన్ కొట్టేయగలిగితేనే లాభం. ఇక్కడ ఏదో ఒకటి రాయాల్సిందే. స్టార్ గుర్తున్న ప్రశ్నల మీద ఎక్కువ సేపు కూర్చోండి. రెండు టీములకి సమాన మార్కులొస్తే ఫైనల్‌కి వెళ్లేది వాటి లెక్కతోనే. మనిషి పేరు అడిగితే ఇంటిపేరు ఒక్కటి రాస్తే చాలా చోట్ల సరిపోతుంది. పూర్తి పేరు రాయబోయి మొదటి ముక్క తప్పు రాస్తే ఉన్న మార్కూ పోతుంది. ఒకే ఇంటిపేరుతో ఇద్దరుంటే మాత్రం పూర్తిగా రాయాలి. గాంధీ అని వదిలేస్తే ఇందిరా, రాజీవా అని అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

స్టేజీ మీద అసలు తికమక బౌన్స్, పౌన్స్ దగ్గర. ఒక టీము చెప్పలేని ప్రశ్న వరసలో తర్వాతి టీముకి వెళ్లడం బౌన్స్. ప్రశ్న మీ టీముకి నేరుగా రాకముందే జవాబు చీటీ మీద రాసిచ్చేది పౌన్స్. ఒప్పయితే పది, తప్పయితే మైనస్ ఐదు అనుకోండి. మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ నమ్మకముంటే లెక్క ప్రకారం పౌన్స్ చేయొచ్చు. మైనస్ కూడా పదైతే సగానికి పైగా నమ్మకం కావాలి. కానీ ఇంతటితో అయిపోలేదు. ప్రశ్న మీ పక్క టీముకి వెళ్లి, వాళ్లకి రాదని మీకనిపిస్తే ఆగండి, మైనస్ లేకుండా అదే మీ దగ్గరికొస్తుంది. ప్రశ్న నాలుగైదు టీముల అవతల ఉందా, మధ్యలో గట్టి టీము కూర్చుందా, అప్పుడు పౌన్స్ చేయకపోతే పది పోయినట్టే. ఆఖరి రెండు రౌండ్లలో స్కోరు బోర్డు చూసి నిర్ణయం మార్చుకోవాలి. ముందున్న టీము రిస్క్ తీసుకోనక్కర్లేదు.

ఫైనల్ మొదలవడానికి ముందే క్విజ్ మాస్టర్‌ని మూడు విషయాలు అడగండి: ఎవరూ చెప్పలేకపోతే తర్వాతి ప్రశ్న ఎవరికి, సగం జవాబుకి సగం మార్కులున్నాయా, బజర్ నొక్కాక చర్చించుకోవచ్చా. బజర్ రౌండ్లో ప్రశ్న పూర్తవకముందే నొక్కే అలవాటు మంచిదే, కానీ ఎవరిని, ఏ ఊరిని, ఏ ఏడాదిని అడుగుతున్నాడో తేలేదాకా వేలు ఆపాలి.

టీములో ఇద్దరికీ క్రికెట్ వచ్చి, ఇద్దరికీ సైన్స్ రాకపోతే అది టీమే కాదు. సబ్జెక్టులు పంచుకోండి. స్టేజీ మీద గట్టిగా జవాబు చెప్పేది మాత్రం ఒక్కరే. ఇద్దరూ రెండు జవాబులు చెబితే మొదట వినిపించిందే తీసుకుంటారు. చర్చలో తట్టిన మాటని కొట్టిపారేయకుండా కాగితం మీద రాయడం రెండోవాళ్ల పని. సరైన జవాబు చర్చలో తామే పైకి అని, మళ్లీ తామే వదిలేసే టీములే ఎక్కువ. వారానికి రెండు సార్లు మూడో మనిషి చేత 20 ప్రశ్నలు పైకి చదివించుకుని, ఒక్కోదానికి 30 సెకన్లే పెట్టుకుంటే ఇది అలవాటవుతుంది.

క్విజ్ మాస్టర్ జవాబు తప్పనిపిస్తే తర్వాతి ప్రశ్న మొదలయ్యే లోపే చెయ్యెత్తాలి. ఆ తర్వాత ఎంత ఒప్పైనా వినరు.