మూడంతస్తులు, మూడు డబ్బాలు

గుంటూరు బ్రాడీపేటలో మా మూడంతస్తుల ఇంటికి మెష్ వైఫై డబ్బాలు (ఒకదాని నుంచి ఒకటి అందుకుని ఇల్లంతా నెట్ పంచేవి) మూడు పెట్టించాను. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, అమ్మ కింద నుంచి అక్కకి వీడియో కాల్ చేస్తే మాత్రం మాట ముక్కలు ముక్కలు. రెండు రోజుల టెన్షన్ తర్వాత దొరికింది: కింది డబ్బా మధ్యదాన్ని వదిలేసి, దగ్గర దారి అనుకుని (పాపం!) నేరుగా నెట్ వచ్చే పైదాన్ని పట్టుకుంది. రెండు శ్లాబులు దాటలేక ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోవడం, మళ్లీ పంపడం. ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో లెక్కేసి దారి ఎంచే ఈటీఎక్స్ పద్ధతి 2003లోనే వచ్చింది మరి! అలాగని గెంతులు, అంటే డబ్బా నుంచి డబ్బాకి దూకడాలు, పెంచినా కష్టమే. ఒకే రేడియో వినాలి, పంపాలి, కాబట్టి రెండో గెంతుకే వేగం దాదాపు సగం. సినిమా అయితే ముందే కొంత దాచుకుంటుంది, మాటకి ఆ వీల్లేదు.

చివరికి మధ్య డబ్బాకి కేబుల్ లాగించి, కిందిదాన్ని దానికే కట్టేశాను. అమ్మేమో, "అక్కకి జలుబు తగ్గినట్టుందిరా" అంటోంది.