లైన్ ఎక్కడమ్మా?

కనుమ నాడు మధ్యాహ్నం జగ్గన్నతోట తీర్థంలో, మావాడు నా చంకలోంచి అడిగిన మాట ఇది: "అమ్మా, లైన్ ఎక్కడ?"

మొదటిసారి నాకు వినబడలేదు. డప్పులు, బాణాసంచా, 'శరభ శరభ' అరుపులు, బూరలు ఊదే పిల్లలు. రెండోసారి నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని మరీ అడిగాడు. పక్కనే జీళ్ళ పొట్లంతో నిలబడ్డ మా పెద్దమ్మ విని, "లైనేంట్రా నా తండ్రీ, తీర్థంలో లైనా? తోసుకుంటూ పోవడమే!" అని పకపకా నవ్వింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది. దారిలో కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. సాయంత్రానికి మా వీధిలో వాడి పేరు లైను బాబు.

అమెరికా తిరిగొచ్చాక నేనూ ఈ కథ చెప్పి నలుగుర్నీ నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మాత్రం మింగేస్తున్నాను. ఆ ముక్క కోసమే ఇది రాస్తున్నాను.

ముందు, వాడికి లైన్ అనే మాట ఎక్కడ అంటుకుందో చెప్పాలి.

మూడేళ్ళు నిండని పిల్లలకి డిస్నీల్యాండ్‌లో టికెట్ అక్కర్లేదు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. మావాడికి నవంబరులో మూడు నిండుతాయి. అక్టోబరు ఆఖరి వారంలో, ఇంకో పదకొండు రోజుల గడువుందనగా, ఆరు గంటలు కారు నడుపుకుంటూ అనహైమ్ వెళ్ళాం. అప్పనంగా వచ్చే ప్రవేశాన్ని వదులుకోకూడదని నా పట్టుదల. మా ఇద్దరి టికెట్లూ, హోటలూ, పెట్రోలూ ఆ లెక్కలో నేను కలపలేదు. మావారు కలిపారు గానీ, పైకి అనలేదు.

నిజం చెప్పాలంటే లెక్క అది కాదు. నేను మూడో తరగతిలో ఉండగా మా నాన్న అమలాపురం నుంచి ఒక పెన్సిల్ డబ్బా తెచ్చారు. రేకు డబ్బా. మూత మీద మిక్కీ మౌస్. అచ్చు కాస్త పక్కకి జరిగి, ఎర్ర నిక్కరు రంగు బొమ్మ గీత దాటి బయటికి వచ్చేసింది. ఆ డబ్బా తుప్పు పట్టి మూత ఊడిపోయేదాకా వాడాను. కాబట్టి డిస్నీల్యాండ్ వెళ్ళాల్సింది మా అబ్బాయి కాదు. వాణ్ని అడ్డం పెట్టుకుని నేను వెళ్ళాను.

లోపల మిక్కీ చేతులు చాపుకుంటూ రాగానే మావాడు వాళ్ళ డాడీ మెడ మీదకి పాకి, "బూచీ!" అని కేక పెట్టాడు. ఆ ఏడుపు ఒక పావుగంట నడిచింది. పిల్లల్ని తిప్పే ఏనుగు బొమ్మలు వద్దన్నాడు. టీ కప్పులు వద్దన్నాడు. కొయ్య గుర్రాలు వద్దన్నాడు. వాడు వద్దన్న కొద్దీ నాకు పంతం పెరిగింది. ఇంతదూరం వచ్చి ఏమిటిది, ఒక్కటైనా ఎక్కవా అని బతిమాలాను, బెదిరించాను, చివరికి లాలీపాప్ లంచం ఇచ్చాను. మా ఇంట్లో పిల్లలకి తీపి లంచంగా ఇవ్వకూడదని రూలు. రూలు పెట్టిందీ నేనే.

కొన్ని రైడ్ల దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది. స్పేస్ మౌంటెన్‌కి 40 అంగుళాలుండాలి, అంటే 102 సెంటీమీటర్లు. మావాడు 36. వాడు ఎలాగూ ఎక్కడని తెలిసినా ఆ కర్రని చూస్తే నాకు ఒళ్ళు మండింది. జుట్టు పైకి దువ్వి పిలక వేస్తే ఎంతొస్తాడో అని మనసులో ఒక లెక్క కూడా వేశాను. ఇలాంటి పిల్లలున్నవాళ్ళకి అక్కడ ఒక వెసులుబాటు ఉంది: ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు పిల్లాడితో బయట ఉండి, తర్వాత మళ్ళీ పూర్తి లైన్ నిలబడకుండా తమ వంతు ఎక్కొచ్చు. నేను ఎక్కి, కళ్ళు తిరుగుతూ బయటికి వచ్చేసరికి తండ్రీకొడుకులు పొద పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు రెండు బాతులు. బొమ్మలు కాదు, నిజం బాతులు, అక్కడ తిరుగుతూ ఉంటాయి. "డక్!" అన్నాడు వెలిగిపోతున్న మొహంతో. ఆ రోజు వాడి మొహం వెలిగింది అప్పుడొక్కసారే.

ఇక లైన్ సంగతి. జంగిల్ క్రూజ్ అని పడవ షికారు ఉంది, 1955లో పార్కు తెరిచినప్పటి నుంచీ ఉన్నదే. యాభై నిమిషాలు నిలబడ్డాం. వాడు ప్రతి రెండు నిమిషాలకీ "ఎందుకమ్మా ఆగాం?" అని, నేను "లైన్ నాన్నా. లైన్‌లో నిలబడితేనే మన వంతు వస్తుంది" అని. ఆ పూట అదొక జపం అయిపోయింది. తీరా ఎక్కాక, ఆ పడవ నీళ్ళ కిందున్న పట్టా మీద నడుస్తుందనీ, పట్టా కనబడకుండా నీళ్ళకి రంగు కలుపుతారనీ మావారు వాడికి వివరించడం మొదలుపెట్టారు. ఇంజనీరు బుద్ధి. మోచేత్తో పొడిచాను. గట్టున ఏనుగు బొమ్మలు తొండంతో నీళ్ళు చిమ్ముతున్నాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం సంతకి వెళ్ళిన మనిషిని, పట్టా మీద నడిచే పడవ కోసం యాభై నిమిషాలు నిలబడ్డానా అని ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే నిర్ణయించుకున్నాను: సంక్రాంతికి వీణ్ని తీర్థానికి తీసుకెళ్ళాలి. అసలైనది చూపించాలి.

చిన్నపిల్లలతో అలాంటి పార్కుకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. గేటు తెరిచేసరికి ఉండండి, మధ్యాహ్నం నిద్రకి గదికి వచ్చెయ్యండి, పిల్లాడి డబ్బాలో పెరుగన్నం పెట్టుకెళ్ళండి. అయిదేళ్ళు వచ్చేదాకా ఆగండి అని కూడా చెబుదును గానీ, ఆగితే టికెట్ కొనాలి.

సరే, తీర్థం.

మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం. కోనసీమలో అంబాజీపేట దగ్గర మొసలపల్లిలో జగ్గన్నతోట. గుడి ఉండదు, ఉత్త కొబ్బరితోట. కనుమ నాడు చుట్టుపక్కల 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చి అక్కడ కొలువు తీరతాయి. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ వీడియో నేను మావాడికి ఎన్నిసార్లు చూపించానో లెక్క లేదు. ప్రభ అంటే దేవుణ్ణి నిలిపే ఎత్తైన చట్రం. వెదురు కట్టి, రంగు బట్టలు చుట్టి, గంటలు కట్టిన ప్రభని భుజాల మీద మోసుకుంటూ దారిలో వరిచేను ఉంటే చేలోంచే పోతారు. పైరు తొక్కేశారని ఏ రైతూ ఏడవడు, దేవుడు తన చేలోంచి వెళ్ళాడని సంబరపడతాడు.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటి రావాలి. అది చూడ్డానికే సగం జనం వస్తారు. మా బాబాయి కొడుకు ప్రభ మోసేవాళ్ళలో ఉన్నాడు కాబట్టి, వాడి పేరు చెప్పుకుని, "కొంచెం జరగండి, చంటిపిల్లాడున్నాడు" అనుకుంటూ జనాన్ని తోసుకుని గట్టు మీద ముందు వరసకి వెళ్ళిపోయాను. యాభై నిమిషాల జపం చేసిన తల్లినే.

కుర్రాళ్ళు నీళ్ళలోకి దిగారు. మోకాలు, నడుము, గుండె. ప్రభ ఒకసారి ఎడమకి ఒరిగింది. గట్టు మీద అందరం ఊపిరి బిగబట్టాం. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు వెనక్కి వాలారు, ఎవరో "అశ్శరభ!" అని అరిచారు, నీళ్ళలోంచి వంద గొంతులు అందుకున్నాయి, గంటలన్నీ ఒక్కసారి మోగి ప్రభ నిలువుగా లేచింది. నాకు కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. చూడు నాన్నా, కింద పట్టా లేదు, రంగు నీళ్ళు కావు, మన మామయ్య, మన కౌశిక అని చెబుతూ వాడి వైపు తిరిగితే, వాడు రెండు చెవులూ మూసుకుని నా మెడలో మొహం దాచుకుని ఉన్నాడు.

నాకు కోపం వచ్చింది. మూడేళ్ళ పిల్లాడి మీద, చప్పుడుకి భయపడ్డందుకు. సిగ్గుపడాల్సిన విషయమే గానీ, వచ్చింది.

ఆ తర్వాత కొట్ల వైపు వెళ్ళాం. బొమ్మలు, గాజులు, ఖర్జూరం రాశులు. చివర్న ఒక పాత రంగులరాట్నం. నాలుగు కొయ్య గుర్రాలు, ఒకదానికి చెవి లేదు. ఒకాయన చేత్తో తోసి తిప్పుతున్నాడు. పిల్లలు ఆగీ ఆగకముందే ఎగబడి ఎక్కేస్తున్నారు. మావాడు నా మెడలోంచి తల ఎత్తాడు. చాలాసేపు చూశాడు. చెవి లేని గుర్రం ఎదురుగా వచ్చినప్పుడల్లా వాడి కాళ్ళు నా నడుముని చిన్నగా తన్నడం నాకు తెలుస్తూనే ఉంది. అప్పుడు అడిగాడు, లైన్ ఎక్కడ అని.

అందరూ నవ్విన ఆ మాటకి అర్థం, నేనూ ఎక్కుతాను అని. ఏనుగులూ కప్పులూ వద్దన్నవాడు, లంచం ఇచ్చినా వద్దన్నవాడు, పుట్టాక మొదటిసారి తనంతట తాను ఎక్కుతానన్నాడు. ఎక్కడ నిలబడాలో చెప్తే నిలబడతానన్నాడు.

నేను గుర్రాల వైపు చూశాను. బెల్టు లేదు. ఇనప కడ్డీ తుప్పు పట్టి ఉంది. నా గడ్డం కింద మూడు కుట్ల మచ్చ ఉంది, ఏడేళ్ళప్పుడు అలాంటి రాట్నం మీంచి పడ్డదే. అమ్మ అంది, "ఎక్కించవే. నువ్వు పెరగలేదా వాటి మీద?" పెరిగాను కాబట్టే తెలుసమ్మా అన్నాను. అప్పటికే పెద్దమ్మ ఇచ్చిన జీడి గొంతుకి అడ్డం పడుతుందని వాడి చేతిలోంచి లాక్కున్నాను. మట్టిలో దించలేదు. అనహైమ్‌లో నేను తిట్టుకున్న కర్ర అక్కడ లేదు. ఎవరూ పెట్టకపోతే ఆ కర్ర నేనే అయ్యాను.

ఇప్పుడు మింగేస్తున్న ముక్క. వాడితో నేను అన్న మాట: "లైన్ చాలా పెద్దది నాన్నా. రేపు వద్దాం."

వాడు ఏడవలేదు. లైన్ అంటే వాడికి తెలుసు కదా. సరే అన్నట్టు తల ఊపి, మళ్ళీ నా భుజం మీద వాలిపోయాడు.

ముక్కనుమ పొద్దున్న నేను లేచేసరికి వాడు చెప్పులు కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "లైన్ అయిపోయిందా?" అన్నాడు. తీర్థం ఒక్కరోజే. ఆ పాటికి తోటలో కాగితాలూ చెరుకు పిప్పీ తప్ప ఏమీ ఉండవు. అది వాడికి ఎలా చెప్పాలో తెలియక నేను కాఫీ కలుపుకునే నెపంతో వంటింట్లోకి పోయాను. అబద్ధం ఆడకూడదని వాడికి రోజూ రాత్రి కథలు చదివే మనిషిని.

నాన్న వాణ్ని వెంటబెట్టుకుని పెరట్లో బోరింగు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎవరూ వాడని పాత బోరింగు. కాసిని నీళ్ళు పోసి కొడితే కీచుమంటూ ఎగిరి పడి, గుడగుడలాడి, చివరికి భళ్ళున నీళ్ళు కక్కుతుంది. వాడు నాన్న వెనకాల, రెండడుగుల దూరంలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ లేని లైన్‌లో వాడొక్కడే. నాన్న "మీ వంతండీ బాబుగారూ" అనగానే వచ్చి పిడికి వేలాడాడు. ఆ పూట ముప్పై సార్లు లైన్‌లో నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాడు. జలుబు చేస్తుందని అనబోయి ఊరుకున్నాను. రెండోరోజు చేసింది కూడా.

తుప్పు కడ్డీ పట్టుకునే కదా వేలాడాడు, బెల్టు లేకుండానే కదా అని మావారు తర్వాత అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎక్కించి ఉంటే ఏమయ్యేదో కూడా తెలియదు. మచ్చ ఒక్కటే తెలుసు, అది నాది.

మొన్న ఆదివారం సాయంత్రం వీడియో కాల్. అక్కడ సోమవారం పొద్దున్న, ఎనిమిదిన్నర. అమ్మ వాడికి కొత్తగా ఈనిన గేదెని చూపించబోయింది. వాడు బోరింగు చూపించమన్నాడు. నాన్న ఫోను అరుగు మీద చెంబుకి ఆనించి, మోకాలు పట్టుకుని వంగి కొట్టారు. కీచు, గుడగుడ, భళ్ళున నీళ్ళు. "అగైన్!" అన్నాడు ఇక్కణ్ణుంచి. నాన్న మళ్ళీ కొట్టారు. మళ్ళీ "అగైన్!" మళ్ళీ.

"ఇంక చాలు నాన్నా" అన్నాను.

ఇద్దర్లో ఏ నాన్నని అన్నానో ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరూ ఆపలేదు.